రెండు కాళ్ల పన్ను

మన నోట్లో పేరు లేని పళ్లు కొన్ని ఉన్నాయి. కోరపన్నుకు పేరుంది. దవడపన్నుకు పేరుంది. అన్నిటికంటే ఆలస్యంగా వచ్చి, మనిషిని నానా తిప్పలు పెట్టే జ్ఞానదంతానికైతే ఎంత మర్యాదో! కోరపన్నుకు, దవడపన్నుకు నడుమ ఒకదాని వెనక ఒకటి నిలబడే రెండు పళ్లను మాత్రం ఎవరూ ఏమీ అనరు. బడిలో సైన్సు పుస్తకం వాటిని అగ్రచర్వణకాలు అంది. ఆ మాట పరీక్షలో తప్పు లేకుండా రాసి వచ్చినవాళ్లు కూడా ఇంట్లో ఒక్కసారి పలికి ఎరగరు. మేం పళ్ల డాక్టర్లం ప్రీమోలార్ అంటాం. నా క్లినిక్‌కు వచ్చేవాళ్లు వేలు పెట్టి చూపించి "గిది" అంటారు, అంతే.

నిజామాబాద్‌లో నాది చిన్న క్లినిక్. ఎత్తుపళ్ల పిల్లలకు తీగలు కట్టించాలని తల్లిదండ్రులు తీసుకొస్తుంటారు. దవడలో చోటు చాలకపోతే, చోటు కోసం ఈ పేరు లేని పళ్లనే తీయాల్సి వస్తుంది. పరీక్ష చేసి, ఎక్స్‌రే చూసి, తప్పదంటేనే తీస్తానని చెప్తాను. వాళ్లకు అంత ఓపిక ఉండదు. "గది చిన్నదే గద మేడం, తీసి పారెయ్యిండ్రి" అని తొందరపెడతారు. పారెయ్యడమట! నాకు ఒళ్లు మండిపోతుంది. ఎందుకు మండుతుందో వాళ్లకు చెప్పను. ఇక్కడ చెప్తున్నాను.

మాది బోధన్. మా ఇంట్లో నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. బాపు చెరుకు లోడింగ్ కూలీ, చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆటో నడిపాడు. అవ్వ బీడీలు చేసేది. మా వాడలో చేయని ఆడమనిషి లేదు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు, పక్కన దారం ఉండ. ఆకులో తంబాకు పోసి చుట్టి, మూతి మడిచి, దారం చుట్టి తెంపాలి. ఆ తెంపడం అవ్వ పంటితోనే చేసేది. కత్తెర పక్కనే ఉండేది. కానీ ప్రతి బీడీకీ కత్తెర తీసి పెట్టుకుంటూ కూర్చుంటే సాయంత్రానికి చాట ఎప్పుడు నిండాలి? ముందు పళ్లు జిల్లుమంటాయని అవ్వ దారాన్ని ఎడమ వైపుకు తీసుకునేది. తల కొంచెం ఎడమకు వంచి, టిక్. మళ్లీ వంచి, టిక్. నేను అఆలు దిద్దింది ఆ చప్పుడు వింటూనే, ఇంటర్ పాసయింది కూడా ఆ చప్పుడు వింటూనే. తలుపు ముందు నుంచి పోయేవాళ్లు పలకరిస్తే, తల అలాగే వంచి ఉంచి, దారం పంటి కింద పెట్టుకొనే కళ్లతో నవ్వేది.

నాకు డెంటల్ కాలేజీలో సీటు వచ్చింది. కాలేజీ పేరు, అది ఉన్న ఊరు చెప్పను. చెప్తే అక్కడివాళ్లు అలాంటిదేమీ జరగలేదంటారు. వాళ్లతో ఒకసారి వాదించాను, చాలు.

మొదటి సంవత్సరంలో పళ్ల నిర్మాణం మీద ఒక సబ్జెక్టు ఉంటుంది. మైనం దిమ్మలు ఇచ్చి, వాటిని కత్తితో చెక్కి ఒక్కొక్క పన్నూ తయారు చేయమంటారు. దానికి నేను భయపడలేదు, నా చేయి బాగానే తిరిగేది. చిక్కంతా రెండో పనితో వచ్చింది. విద్యార్థులందరూ నిజమైన పళ్లు, మనుషుల నోళ్ల నుంచి తీసినవి, ఒక సెట్టు తెచ్చి అప్పగించాలి. ఏ పన్నుకు ఆ పన్ను గుర్తించి, వరసలో మైనంలో నిలబెట్టి చూపించాలి. లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు.

"ఎక్కడి నుంచి తేవాలి సార్?" అని ఎవరో అడిగారు.

"అది మీరు చూసుకోవాలి. పళ్ల డాక్టర్లు కావాలనుకునేవాళ్లు పళ్లు కూడా సంపాదించలేరా?" అన్నాడు సార్. ఆ సబ్జెక్టు చెప్పే సార్ వయసులో చిన్నవాడే. తెల్లకోటు ఎప్పుడూ ఇస్త్రీ మడతల మీద ఉండేది. ఆ మాటకు ఆయనే ముందు నవ్వి, మేం నవ్వేదాకా చూశాడు.

చాలామందికి అది సమస్యే కాలేదు. ఒకరికి మేనమామ క్లినిక్, ఒకరికి నాన్న స్నేహితుడి ఆస్పత్రి. ప్లాస్టిక్ సంచుల్లో గలగలమంటూ తెచ్చారు. నాకు ఎవరున్నారు? ఆదివారాలు ఆస్పత్రులు పట్టుకొని తిరిగాను. దవడపళ్లు బాగానే దొరికాయి, జనం పుచ్చిపోయేదాకా ఉంచుకొని పీకించుకునేవి అవే కదా. ముందు పళ్లు దొరికాయి. కోరపళ్లూ దొరికాయి. ప్రీమోలార్లలో పైన రెండోది, కింద రెండూ ఎలాగో కుదిరాయి. పైన మొదటిది మాత్రం ఎక్కడా దొరకలేదు.

దానికీ ఒక కారణం ఉంది. ప్రీమోలార్లన్నిటిలో రెండు వేర్లు ఉండేది సాధారణంగా పై మొదటిదానికే. సన్నగా, కొసలు వంకర తిరిగి ఉంటాయి. పీకేటప్పుడు ఆ రెండింటిలో ఒకటి పుటుక్కున విరిగి లోపలే ఉండిపోతుంది. పన్ను పైభాగం, వేర్లు, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నది కావాలంటే గట్టి పన్ను కావాలి, ఓపిగ్గా తీసే చేయి కావాలి. గట్టి పన్నును ఎవరు పీకించుకుంటారు?

సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు కూడా నా ముఖం మీద ఇదే ఉంది. అన్నం ముందు కూర్చొని మెతుకులు కెలుకుతున్నాను.

"ఏందే, గట్ల మొఖం మాడ్సుకున్నవ్? సదువు మస్తు కష్టముంటున్నదా?" అంది అవ్వ.

"చదువు కాదవ్వా. ఒక పన్ను దొరకుతలేదు."

అవ్వ ముందు పడీపడీ నవ్వింది. "పన్ను దొర్కుతలేదా? గిదేం సదువే తల్లీ! మైనంతోని బొమ్మలు జేస్తవ్, బిచ్చమెత్తినట్టు పండ్లు అడుక్కుంటవ్. మీ సార్ల నోట్లె లేవా?"

నవ్వు ఆగాక, "ఏ పన్ను?" అని అడిగింది.

చెప్పాను. మా అవ్వకు నేను చెప్పిన మొదటి పాఠం అదే. నేను మైనంలో చెక్కినదాన్ని బ్యాగులోంచి తీసి చేతిలో పెట్టాను. "ఇగో, కోరపన్ను ఉంటది గదా. దాని వెనక నిలబడేది. చెంప దిక్కు ఒక మొన, అంగిలి దిక్కు ఒక మొన. చెంప దిక్కుది పెద్దగుంటది. దాని వెనకది గూడ అచ్చం గిట్లనే ఉంటది గని, దానికి ఒక్కటే వేరు. దీనికి రెండు."

"రెండు కాళ్లది," అంది అవ్వ, మైనం పన్నును తిప్పి చూస్తూ.

"ఆ, రెండు కాళ్లది."

అవ్వ నాలుకతో తన పళ్లను తడిమి చూసుకుంది. ఎడమ చెంప లోపల నాలుక ఒక దగ్గర ఆగడం బయటికి కనిపించింది. "గిదేనా?" అని వేలు పెట్టింది.

"గదే. నువ్వు దారం తెంపే పన్నే."

"అట్లనా," అని మైనం పన్నును నాకిచ్చి, మళ్లీ చాట ఒళ్లోకి లాక్కుంది. అవ్వ అడిగిన సంగతి నేనూ అంతటితో మరిచిపోయాను.

మళ్లీ బతుకమ్మకు వచ్చినప్పుడు, ఉన్న రెండు రోజులూ అవ్వ చెంగు నోటి మీది నుంచి దించలేదు. అడిగితే పంటి నొప్పి అంది. చూస్తానంటే, "నువ్వింక డాక్టర్వు గాలే, ఆగు జెర," అని కసిరింది. తిరిగి పోయే రోజు పొద్దున నా బ్యాగులో చిన్న పొట్లం పెట్టింది. తునికాకులో చుట్టి, దారంతో కట్టిన పొట్లం. లావుపాటి బీడీ మాదిరిగా ఉంది.

"ఏందవ్వా ఇది?"

"నీకు గావాల్సిందే. పండ్ల దవాఖానల అడిగి తెచ్చిన. ఎవ్వలో ముసలాయినదట. జల్ది పో, బస్సు పోతది."

నిజామాబాద్ బస్టాండ్‌లో కాలేజీ ఊరి బస్సు కోసం కూర్చున్నప్పుడు పొట్లం విప్పాను. సంతోషంతోనే విప్పాను. చేతికి ఏ పన్ను వచ్చినా వరసగా అడుక్కోవాల్సిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. అప్పటికి అవి నాకు పాటలాగా వచ్చు. ఒక్కొక్కటే అడుక్కున్నాను.

మొనలు రెండు, కాబట్టి ప్రీమోలార్. పైదా, కిందిదా? కిందిదైతే పన్ను పైభాగం నాలుక వైపు వాలి ఉంటుంది, లోపలి మొన పేరుకే ఉంటుంది. ఇది నిటారుగా ఉంది, రెండు మొనలూ బాగా లేచి ఉన్నాయి. పైది. మొదటిదా, రెండోదా? రెండు వేర్లు, ఒక్కటీ విరగలేదు. పక్క గోడ మీద బొటనవేలు పెడితే సొట్ట తగిలింది, ఆ సొట్ట కిందికి దిగి వేరు దాకా పోయింది. ఆ పక్కనే అంచును కోస్తూ సన్నని గాడి. రెండోదానికి ఇవి ఉండవు. మొదటిది. కుడిదా, ఎడమదా? సొట్ట ఉన్న పక్క ఎప్పుడూ కోరపన్నును ఆనుకొని ముందు వైపు ఉంటుంది. పెద్ద మొన చెంప వైపు. పన్నును వేర్లు పైకి పెట్టి, నా ముఖం ముందు నోట్లో ఉన్నట్టు తిప్పి పట్టుకున్నాను. ఎడమది.

పై దవడ, ఎడమ వైపు, మొదటి ప్రీమోలార్. ఒక్క పుచ్చు లేదు. వేర్ల మీద సన్నని పొర ఇంకా అంటుకొని ఉంది, అంటే ఊగి ఊగి ఊడిన పన్ను కాదు, ఎముకను గట్టిగా పట్టుకొని ఉన్నదాన్ని లాగారు. ముసలాయన పన్నైతే మొనలు అరిగి చదునై ఉండాలి. ఇవి అరగలేదు. అరిగింది ఒక్కచోటే. చెంప వైపు మొన నడిమధ్యలో, రంపంతో కోసినట్టు ఒక గాటు. గాటు లోపల నున్నగా ఉంది. గోరు పెడితే గోరు ఆగింది. పొట్లం కట్టిన దారం నా ఒళ్లోనే ఉంది. దాన్ని తీసి గాటులో పెట్టాను. సరిగ్గా సరిపోయింది.

బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఫోన్ చేశాను.

"అవ్వా, ఆ పన్ను ఎవరిది?"

"చెప్పిన గద, ముసలాయినదని."

"నిజం చెప్పు."

"గిప్పుడేమైంది? పనికి రాదా?" గొంతులో ఆదుర్దా వినిపించింది. పన్ను పోయినందుకు కాదు ఆ ఆదుర్దా.

"వస్తది," అన్నాను. ఇంకేమనను?

"మరి గంతే గద. పనున్నది, పెట్టేస్తున్న."

బస్టాండ్‌లో అంతమంది నడుమ కూర్చొని ఏడ్చాను. ఏడుపు కంటే కోపం ఎక్కువ. ఎవరి మీద కోపమో తేల్చుకోలేకపోయాను. తరువాతి బస్సుకు పోయి, మర్నాడు సెట్టు అప్పగించాను.

సార్ ఒక్కొక్క పన్నునూ పట్టకారుతో తట్టుకుంటూ వచ్చాడు. అవ్వ పన్ను దగ్గర ఆగి, పైకి లేపి, లైటు కింద పెట్టి చూశాడు. ఒక్క క్షణం నాకు లోపల గర్వంగా కూడా అనిపించింది, ఎందుకో.

"ఇదేంటి? గాటు పడింది. ఇలాంటివి నమూనాకు పనికిరావు. వేరేది తీసుకురా," అన్నాడు.

"వేర్లు రెండూ ఉన్నాయి సార్. మిగతాదంతా..."

"గాటు ఉందా, లేదా?"

"ఉంది సార్."

ఆయన దాన్ని మైనంలోంచి పీకి, బల్ల మీద పళ్లు వేసుకునే పెద్ద సీసాలో పడేశాడు. ఆ సీసాలో నీళ్ల అడుగున వందల పళ్లు. టక్కున చప్పుడైంది. నాకిమ్మని అడిగాను. "డిపార్ట్‌మెంట్‌కు వచ్చిన పన్ను బయటికి పోదు," అన్నాడు. ఇంటి నుంచి నేను తెచ్చినదేనన్నాను. "తెచ్చి ఇచ్చావు కదా, అయిపోయింది," అని పక్కవాళ్ల సెట్టు వైపు తిరిగాడు.

ఆ సాయంత్రం హాస్టల్ గదిలో నా పక్క మంచం పిల్ల సంగతి విని, తన సంచి తెరిచింది. అందులో పై మొదటి ప్రీమోలార్లు మూడున్నాయి. వాళ్ల మామయ్య తీగలు కట్టే డాక్టరట. "ముందే అడగొచ్చు కదే, నా దగ్గర ఎక్కువే ఉన్నాయి," అంది. పాపం, మంచి పిల్ల. ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది, తెల్లగా, ఏ బడిపిల్లదో, ఒక్క గీత లేదు. సార్ దాన్ని చూసి తల ఊపాడు. ఆ పిల్లను నేను ముందే అడగలేదేమని ఇప్పటికీ లోలోపల ఎవరో ఒకరిని తిట్టుకుంటూనే ఉంటాను. అడగాలని నాకెలా తెలుస్తుంది? లేనివాళ్లకు ఎవరి దగ్గర ఏముందో తెలిసి చస్తుందా?

తరువాత ఇంటికి పోయినప్పుడు అవ్వ దారాన్ని కుడి వైపుకు తీసుకుంటోంది. అలవాటు లేక తల ముందు ఎడమకే వంగేది, మళ్లీ గుర్తొచ్చి కుడికి తిరిగేది. చేతులు మునుపటిలా ఆడడం లేదు. "పనికొచ్చిందా?" అని అడిగింది చెంగు అడ్డం పెట్టుకొని. "వచ్చిందవ్వా, సార్ మస్తు మెచ్చుకున్నడు," అన్నాను. అవ్వ కళ్లు నవ్వాయి. ముసలాయన కథ ఆమె విడవలేదు, నేనూ విడిపించలేదు.

బోధన్‌లో ఆమె పన్ను పీకిన డాక్టరు దగ్గరికి మాత్రం పోయాను. పోయి గొడవ పెట్టుకున్నాను. రోగులు కూర్చొని ఉన్నారని కూడా చూడలేదు.

"గట్టి పన్ను ఎట్ల పీకినవ్?"

ఆయన బెదరలేదు. "మొదలు వచ్చి, పీకిన పండ్లుంటె ఇయ్యిమన్నది. లేవు, పారేస్తమన్న. మల్ల తెల్లారి వచ్చి నొస్తున్నదన్నది. జూస్తె ఏం లేదు. లేదని జెప్పిన. అయినా నొస్తున్నది, పీకు అన్నది. కాళ్లు విరగకుంట తియ్యిమని ఒక్కటే తీరుగ జెప్పింది. నాకేం ఎర్క?" అన్నాడు. తరువాత నా మెడలో ఉన్న కాలేజీ కార్డు చూసి, "రేపు నువ్వు గూడ గిట్లనే పీకుతవ్ తియ్. పీకకుంటె ఇంకో దవాఖానకు పోతరు," అన్నాడు.

ఆ మాట అబద్ధం చేయాలనే పంతం నాకు ఇప్పటికీ ఉంది. నా దగ్గరికి వచ్చి గట్టి పళ్లు పీకమన్నవాళ్లు చాలామంది నన్ను తిట్టుకుంటూ పక్క వీధి క్లినిక్‌కు పోయారు. పోనీ!

ఆఖరున ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. బల్లల మీద వరసగా పళ్లు పెట్టి, ఒక్కొక్కదాని ముందు ఆగి, అది ఏ పన్నో కాగితం మీద రాయమంటారు. వేర్లు చూస్తే సగం జవాబు దొరికిపోతుందని, కొన్నిటిని మెడ దాకా ప్లాస్టర్ దిమ్మలో పాతిపెట్టారు. పైభాగం మాత్రమే కనిపిస్తుంది. అలాంటి దిమ్మల్లో ఒకదాని ముందుకు వచ్చి ఆగాను.

నేను దాన్ని ఏ ప్రశ్నా అడగలేదు. గాటు కనిపించింది, చాలు. సీసాలోంచి తీసి, ప్లాస్టర్‌లో పాతి, నా ముందే పెట్టారు. నమూనాకు పనికిరానిది పరీక్షకు పనికొచ్చిందన్నమాట! కళ్లు తుడుచుకొని రాశాను. పై దవడ, ఎడమ వైపు, మొదటి ప్రీమోలార్.

రాసిన వాటి మీద ప్రశ్నలు అడగడానికి సార్ ఒక్కొక్కరినే పిలిచాడు. బయటి నుంచి వచ్చిన పెద్ద ఎగ్జామినర్ పక్క కుర్చీలో టీ తాగుతూ ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఇది తప్పు," అన్నాడు సార్ నా కాగితం మీద వేలు పెట్టి. "కింది రెండో ప్రీమోలార్. మూడు మొనలు కనపడలేదా? క్లాసులో ఎన్నిసార్లు చెప్పాను?"

నాకు అర్థమైంది. కింది రెండో ప్రీమోలార్‌కు తరచుగా మూడు మొనలుంటాయి, చెంప వైపు ఒకటి, నాలుక వైపు చిన్నవి రెండు. అవ్వ పన్నులో దారం గాటు చెంప వైపు మొనను రెండుగా చీల్చింది. వేర్లు ప్లాస్టర్‌లో ఉన్నాయి. హడావిడిగా చూసినవాళ్లు చెంప వైపును నాలుక వైపు అనుకుంటే మూడు మొనల లెక్క సరిపోతుంది. తాను చేత్తో పడేసిన పన్నునే ఆయన గుర్తుపట్టలేదు. తరువాత కనుక్కుంటే, నా తరగతి వాళ్లందరూ కింది రెండోదనే రాశారు. వాళ్లందరికీ మార్కులు పడ్డాయి.

"అది మొనల నడుమ పుట్టుకతో వచ్చిన గాడి కాదు సార్. దారం కోసిన గాటు," అన్నాను. "లోపల నున్నగా ఉంది, చూడండి. పక్కన సొట్ట ఉంది. అంచు మీద సన్నని గాడి ఉంది. పన్ను నాలుక వైపు వాలలేదు. పై మొదటిదే."

"నాకు నేర్పిస్తున్నావా?"

"ప్లాస్టర్ పగలగొట్టి చూడండి సార్. రెండు వేర్లుంటాయి."

"నువ్వు చెప్పావని స్పెసిమెన్ పగలగొట్టాలా? నీకెట్లా తెలుసు రెండు వేర్లని?"

అప్పటికి నా గొంతు పెరిగింది. హాలంతా వినిపించేలా అరిచాను. "అది మా అమ్మ పన్ను సార్! నేనే తెచ్చిచ్చాను. మా అమ్మ బీడీలు చేస్తది. దారం తెంపితే పడ్డ గాటు అది. పనికిరాదని మీరే సీసాలో వేశారు!"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్ద ఎగ్జామినర్ ఫోన్ లోంచి తల ఎత్తి, "ఏమిటి గొడవ?" అన్నాడు.

"ఏం లేదు సార్," అని ఆయనతో చెప్పి, నా వైపు తిరిగి గొంతు తగ్గించి అన్నాడు మా సార్. "ఇక్కడున్న ప్రతి పన్నూ ఎవరో ఒకరి అమ్మదే. పో. నెక్స్ట్."

ఇంకొక్క ప్రశ్న అడగలేదు. మిగతా పళ్ల మీద నేను రాసిన జవాబులు చూడను కూడా చూడలేదు. ఫలితాలు వచ్చాయి, థియరీలో పాస్, ప్రాక్టికల్‌లో ఫెయిల్. ఒక్క పన్నుతో ఫెయిల్ కారు. నోరు లేపినందుకు అయ్యాను. ఆరు నెలల తరువాత మళ్లీ రాసి, ఆయన అడిగినవాటికి తల వంచుకొని జవాబులు చెప్పి బయటపడ్డాను. ఆ ప్లాస్టర్ దిమ్మ అప్పుడు బల్ల మీద లేదు. ఇప్పటికీ అక్కడే ఏ అలమరలోనో ఉండి ఉంటుంది, కింది రెండో ప్రీమోలార్ అని చీటీ అంటించుకొని.

ఫెయిలైన సంగతి ఫోన్లో చెప్పే ధైర్యం లేక ఇంటికి వచ్చాను. మధ్యాహ్నం, అవ్వ గడప పక్కన కూర్చొని బీడీలు చేస్తోంది. నన్ను చూడగానే చెంగు నోటి మీదికి లాక్కుంది.

"ఫెయిలైన అవ్వా."

చేతిలో బీడీ అలాగే ఆగింది. "ఎందుకు?"

"ఒక పన్ను తప్పు చెప్పినన్నరు."

"ఏ పన్ను?"

"పైది. కోరపన్ను పక్కది."

"రెండు కాళ్లదా?"

"ఆ."

చెంగు చాటున అవ్వ చేయి ఎడమ చెంప మీదికి పోయింది. "దానికి గాటున్నదా?" అని అడిగింది.

అన్ని నెలలు మేమిద్దరం మోసుకొచ్చిన ముసలాయన ఆ ఒక్క మాటతో పోయాడు.

"ఉన్నది," అన్నాను.

అవ్వ నా ముఖంలోకి చూసింది. ఫెయిలయ్యానన్నప్పుడు కూడా అంత కష్టపెట్టుకోలేదు. "నాది గుర్తువట్టలేదా బిడ్డా?" అంది.

నాకు దుఃఖం ఆగలేదు. "గుర్తువట్టిన అవ్వా. చూడంగనే గుర్తువట్టిన. సరిగ్గనే రాసిన. వాళ్లే గుర్తువట్టలె."

"మరి మా అవ్వదని చెప్పకపోతివా?"

"చెప్పిన."

"ఏమన్నరు?"

సార్ అన్న మాట నోటి దాకా వచ్చింది. మింగేశాను. "నమ్మలె."

"గట్లెట్ల నమ్మరు?" అంది అవ్వ. ఒళ్లోంచి చాట తీసి కింద పెట్టింది. చెంగు నోటి మీది నుంచి పూర్తిగా తీసేసి, గడప దగ్గర వెలుతురులోకి జరిగింది. వేలితో ఎడమ పెదవిని పక్కకు లాగి, అన్నాళ్లూ నాకు చూపించని నోరు బార్లా తెరిచింది. కోరపన్ను పక్కన నల్లగా సందు.

"చూడు. నన్ను తోల్కపోతె అయిపోతుండె గద పిచ్చిదానా," అంది. "గీ జాగ సూపెడుదును గద."